దొంగ, రాణి, తెగిన చెయ్యి

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) కోచింగ్ మధ్యలో దొరికిన కాస్త ఖాళీలో ఇంగ్లిష్ ఫాంటసీ నవలలు చదువుతుంది. నల్లటి అట్ట, దాని మీద బంగారు రంగు కిరీటం, కిరీటంలోంచి దిగిన బాకు, చుట్టూ ముళ్ల తీగ. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారుకి వెళ్తే ఇలాంటి అట్టలు ఎన్నో కనిపిస్తాయి. కథ కూడా ఇంచుమించు ఒకటే. ఒక పక్క యువరాజో రాణో, ఇంకో పక్క దొంగ. ముందు పగ, తర్వాత ప్రేమ. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటావిడ తన కూతురి సంచిలో అలాంటి పుస్తకం చూసి, వెనక అట్ట మీద "డార్క్" అన్న మాట చదివి, దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ సాయంత్రం లిఫ్ట్ దగ్గర దాని మీద పెద్ద చర్చే నడిచింది. అందులో ముద్దులున్నాయా, హత్యలున్నాయా, ఏ వయసు పిల్లల కోసం రాశారు అని.

ఆ చర్చ వింటుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. దాన్ని తీరిగ్గా చెప్పుకోవాలనే ఈ పోస్టు. రాజరికానికీ దొంగకీ మధ్య నడిచే ప్రేమకథలో నిజంగా భయపడాల్సింది సింహాసనాన్ని చూసి. దొంగ ఎంత ఆరితేరినవాడైనా ఒక తాళం తీస్తాడు, ఒక నగ ఎత్తుకుపోతాడు. చెయ్యి నరికించగలిగేది, ఉరి తీయించగలిగేది, ఒక్క మాటతో ఊరికి నిప్పు పెట్టించగలిగేది కిరీటం పెట్టుకున్న మనిషి. ఈ సంగతి దాచకుండా చెప్పే పుస్తకం ఎంత చీకటిగా ఉన్నా పదహారేళ్ల పిల్ల చదవొచ్చు, చదివితే మంచిదని కూడా అంటాను. ఆ భయాన్ని అలంకారంగా వాడుకుని వదిలేసే పుస్తకం మీదే నా అభ్యంతరం. అందులో ఒక్క ముద్దు లేకపోయినా సరే.

గాయం ఎటు పోయింది?

మా పిల్ల చదివి నాకు ఇచ్చినవాటిలో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. దొంగ పిల్ల రాజభవనంలో దొరికిపోతుంది. మూడో అధ్యాయంలో ఆమెను చెరసాలలో వేస్తారు, కొరడా దెబ్బలు కొడతారు. యువరాజు వచ్చి చూస్తాడు. ఆజ్ఞ ఇచ్చింది అతనో, అతని తండ్రో. పదో అధ్యాయానికి ఎవరో వైద్యుడు మంత్రం వేసి వీపు మీద మచ్చ లేకుండా చేస్తాడు. ఇరవయ్యో అధ్యాయంలో ఇద్దరూ బాల్కనీలో వెన్నెల చూస్తుంటారు. ఆ కొరడా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. ఆ చెరసాలలో ఆమె పక్క గదిలో ఉన్న మిగతా ఖైదీలు ఏమయ్యారో కూడా ఎవరూ అడగరు. యువరాజు పట్టాభిషేకం జరిగాక అయినా ఆ తలుపులు తెరిచారో లేదో తెలియదు.

అలాంటి కథల్లో చీకటి అంటే వంట అంతా అయిపోయాక పైన చల్లే మిరియాల పొడి. ఘాటు వస్తుంది, అంతే.

ఇదే మాట మా పిల్లతో అంటే తను ఊరుకోలేదు. "పిన్నీ, అది నిజం కాదని మాకు తెలుసు. మాకు తెలీదని మీరే అనుకుంటారు" అంది. నిజమే, తెలుసు. డ్రాగన్లు ఉండవనీ, కత్తి గొంతు మీద పెట్టినవాణ్ణి పెళ్లి చేసుకోకూడదనీ తెలుసు. ఇంకో మాట కూడా అంది. అది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. తనకి ఆ కథల్లో నచ్చేది ప్రేమ కాదట. దొంగ ఎవరి అనుమతీ అడగకుండా ఏ తలుపైనా తీసుకుని లోపలికి వెళ్లిపోవడమట. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే కాలేజీలో చదివే పిల్ల ఆ మాట అంటే, కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

అయినా నా పేచీ నాకుంది. పిల్లలు కథని నిజమనుకుంటారన్న బెంగ నాకు లేదు. కథ ఏ క్రమంలో నడుస్తుందన్నదే నాకు ముఖ్యం. తప్పు జరిగింది, నొప్పి కలిగింది, తర్వాత ఏం రావాలి? ఈ కథల్లో ఆ చోటుకి నేరుగా ముద్దు వచ్చేస్తుంది. తప్పు ఒప్పుకోవడం లేదు, దానికి మూల్యం లేదు, మళ్లీ నమ్మడానికి పట్టే కాలం లేదు. రాజకుమారుడి కళ్లలో బాధ కనిపించింది కాబట్టి లెక్క సరిపోయిందంటారు. బాధపడే కళ్లున్నాయి కదా అని ఎవరినీ క్షమించనక్కర్లేదని ఏ పుస్తకమైనా ఆ వయసు పిల్లలకి చెప్పాలి.

అటోలియా రాణి

ఇలాంటి కథని నిజాయితీగా రాయడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. అమెరికన్ రచయిత్రి మెగాన్ వేలన్ టర్నర్ పాతికేళ్ల క్రితమే రాశారు. ఆవిడ "ద థీఫ్" 1996లో వచ్చింది, మరుసటి ఏడాది దానికి అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ ఆనర్ దక్కింది. రెండోది "ద క్వీన్ ఆఫ్ అటోలియా" 2000లో వచ్చింది. 2020లో వచ్చిన ఆరో నవలతో ఆ వరస ముగిసింది. నేను మాట్లాడబోయేది ముఖ్యంగా రెండో పుస్తకం గురించి. కథ చెప్పకుండా దాని గురించి మాట్లాడలేను కాబట్టి చదవబోయేవాళ్లు ఇక్కడ ఆగి, చదివాక రండి.

పాత గ్రీసుని తలపించే కొండల దేశం. సౌనిస్, ఎడిస్, అటోలియా అని మూడు చిన్న రాజ్యాలు. తుపాకులూ జేబు గడియారాలూ ఉన్నాయి, దేవతలు కూడా ఉన్నారు. ఈ మూడింటినీ మింగేయడానికి మీడ్ సామ్రాజ్యం కాచుకుని ఉంటుంది. ఎడిస్ రాణికి ఒక దొంగ ఉన్నాడు. పేరు యూజెనిడీస్. కుర్రవాడు, నోటి దురుసు, తన పనితనం మీద అంతులేని గర్వం. అటోలియా రాణి అతని కంటే పెద్దది. తనకి బలవంతంగా కట్టబెట్టబోయిన వరుణ్ణి విషమిచ్చి చంపి, సామంతుల మెడలు వంచి సింహాసనం నిలబెట్టుకున్న మనిషి.

రెండో పుస్తకం మొదట్లోనే యూజెనిడీస్ ఆమె కోటలో దూరి దొరికిపోతాడు. ఆమె అతని కుడి చెయ్యి నరికిస్తుంది.

పుస్తకం అక్కడ కన్ను పక్కకి తిప్పుకోదు. అంత గర్వమున్న కుర్రవాడు వద్దని బతిమాలతాడు, వేడుకుంటాడు. ఆమె వినదు. ఆ తర్వాత అతన్ని సొంత దేశానికి పంపేస్తారు. ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైనవి ఆ తర్వాతి అధ్యాయాలే. దొంగకి చెయ్యి అంటే వృత్తి, పేరు, తన గురించి తనకున్న ఊహ. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుకుంటాడు. రాత్రుళ్లు పీడకలలతో కేకలు వేస్తాడు. జనం ముందుకి రావడానికి ఇష్టపడడు. దయ చూపించినవాళ్ల మీద విసుక్కుంటాడు. రాణి సంగతి కూడా అంతే. ఆమెకీ నిద్ర ఉండదు, అతను వేడుకున్న గొంతు చెవుల్లోంచి పోదు. కానీ ఆమె నిద్రలేమిని చూపించి ఆమెను క్షమించమని రచయిత్రి మనల్ని అడగరు. ఆ పని పాఠకులకే వదిలేస్తారు.

ఇంకొకటి. ఆ ప్రపంచంలో దేవతలున్నారు, మహిమలున్నాయి. రచయిత్రి తల్చుకుంటే ఒక్క వరంతో చెయ్యి మొలిపించొచ్చు. మొలిపించలేదు. ఆరో పుస్తకం దాకా అతనికి ఒక్క చెయ్యే. దాని స్థానంలో కొక్కెం తగిలించుకుని తిరుగుతాడు. ఆ కొక్కెం చూసిన ప్రతివాడికీ అది ఎవరు చేసిన పనో గుర్తొస్తుంది. పెళ్లయ్యాక వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడిన ప్రతిసారీ మనకి కూడా.

అవును, పెళ్లవుతుంది. చాలామందికి మింగుడుపడనిది అదే. మొదటిసారి చదివినప్పుడు నాకూ పడలేదు.

తిరగేసి చూస్తే

ఈ కథని తిరగేసి చూడండి. ఒక రాజు ఒక అమ్మాయి చెయ్యి నరికిస్తాడు, తర్వాత ఆ అమ్మాయి అతన్నే ప్రేమించి పెళ్లాడుతుంది. అలాంటి పుస్తకం మా పిల్ల చేతిలో ఉంటే నేను కూడా లిఫ్ట్ దగ్గర చర్చలో ఆ పక్కింటావిడ వైపే నిలబడేదాన్నేమో. మరి ఇటు వైపు ఎందుకు ఒప్పుకుంటున్నాను? నరికించినది ఆడది కాబట్టి హింస తక్కువైపోతుందా? కాదు. ఆ చెయ్యి ఆడదాని ఆజ్ఞతో తెగినా అంతే నొప్పి.

కొంత సమాధానం నాకు దొరికింది. అటోలియా రాణి మగ రాజులా కులాసాగా కూర్చుని శిక్షలు వేసే స్థితిలో లేదు. ఆమె చుట్టూ ఉన్న సామంతులు ఆమె మెతకదనం ఎప్పుడు కనిపిస్తుందా అని చూస్తున్నారు. ఆమెని అడ్డం పెట్టుకుని దేశాన్ని సొంతం చేసుకోవాలనుకునే మీడ్ రాయబారి పక్కనే ఉన్నాడు. ఆమె క్రూరత్వం ఆమె బతుకుతెరువులో భాగం. ఇది సాకు అనొచ్చు. కారణం చెప్పినంత మాత్రాన పాపం పోదు, పుస్తకం కూడా పోయిందని అనదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. యూజెనిడీస్ చివరికి ఎత్తుకుపోయేది ఆ రాణినే. చీకట్లో, పడవలో, ఆమె ప్రాణం తన గుప్పిట్లో ఉండగా పెళ్లి మాట ఎత్తుతాడు. దాన్ని ప్రేమ ప్రతిపాదన అంటామా, బెదిరింపు అంటామా? అక్కడితో కథ ముగిసి ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. కానీ ఆ తర్వాత పాచికలు తిరగబడతాయి. మీడ్ రాయబారి ఆమెను విడిపిస్తాడు, దొంగ మళ్లీ ఖైదీ అవుతాడు. ఈసారి అతన్ని చంపడమా వదలడమా అన్నది పూర్తిగా ఆమె చేతిలో ఉంది. అప్పుడు ఆమె మీడ్‌లను తన దేశంలోంచి తరిమేసి, తన ఇష్టంతో పెళ్లికి ఒప్పుకుంటుంది. అధికారం తన చేతికి తిరిగొచ్చాక చేసిన ఎంపిక అది. అతను కూడా ఆమె ఏమిటో పూర్తిగా తెలిసి, తెగిన చేత్తో ఆమె ముందు నిలబడి ప్రేమిస్తున్నానంటాడు. ఆమెకి నమ్మడం కష్టమవుతుంది. తను అంత చేశాక ఎవరైనా తనని ఎలా ప్రేమిస్తారన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్న సింహాసనం వైపు నుంచి రావడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపించింది. మిగతా కథల్లో దొంగ పిల్లే "నేను ఆయనకి తగినదాన్నేనా" అని కుమిలిపోతుంటుంది.

మా పిల్లకి ఈ వాదన సగమే నచ్చింది. రాణి ఏదీ పోగొట్టుకోలేదు కదా అంటుంది. అతనికి చెయ్యి పోయింది, ఆమెకి నిద్ర పోయింది, రెండూ ఒకటెలా అవుతాయని. నా దగ్గర దీనికి గట్టి జవాబు లేదు. మూడో పుస్తకం, 2006లో వచ్చిన "ద కింగ్ ఆఫ్ అటోలియా"లో కొంత ఉంది. అందులో రాజసభ అంతా ఈ ఒంటిచేతి రాజుని ఎగతాళి చేస్తుంది. ఒక మామూలు సైనికుడు రాజు మొహం మీద గుద్దడంతోనే కథ మొదలవుతుంది. తన పని వల్ల భర్త రోజూ పడే అవమానాన్ని ఆమె చూస్తూ ఉండాలి. అది శిక్షేనా? మా పిల్ల కాదంటుంది.

పై అంతస్తు నుంచి చూసినవాళ్లు

ఈ రకం కథలు ఇప్పుడు అమెరికాలో పుట్టాయనుకునేవాళ్ల కోసం పాతవి రెండు గుర్తుచేస్తాను. రెండిట్లోనూ అమ్మాయిలు రాజవంశం కాదు, ధనవంతుల బిడ్డలు. అయినా వ్యవహారం అదే.

ఒకటి మనం చందమామలో చదువుకున్న బేతాళుడి కథల్లోది, మూలం కథాసరిత్సాగరంలో ఉంది. అయోధ్యలో దొంగతనాలు పెరిగితే రాజు తనే మారువేషంలో వెళ్లి దొంగని పట్టుకుంటాడు. శూలం ఎక్కించడానికి తీసుకెళ్తుంటే వర్తకుడి కూతురు రత్నవతి పైనుంచి చూసి, పెళ్లంటూ చేసుకుంటే ఇతన్నే అంటుంది. తండ్రి తన ఆస్తంతా ఇస్తానన్నా రాజు వదలడు. ఆ మాట విన్న దొంగ శూలం మీద ముందు ఏడుస్తాడు, తర్వాత నవ్వుతాడు. ఎందుకని బేతాళుడి ప్రశ్న. ఏడ్చింది ఆ వర్తకుడి రుణం తీర్చుకోలేనని, నవ్వింది రాజుల్ని కాదన్న పిల్ల చావబోయే తనని కోరుకుందేమిటని. చిన్నప్పుడు ఆ జవాబు తెలివిగా అనిపించింది. ఇప్పుడు చదివితే శూలమే కనిపిస్తుంది. ఆ కథలో ఆ శూలం సబబా అని విక్రమార్కుడు గానీ బేతాళుడు గానీ అడగరు.

రెండోది బౌద్ధ అట్ఠకథల్లోని, అంటే పాత పాళీ వ్యాఖ్యానాల్లోని, భద్దా కుండలకేశి కథ. ఇదే కథ మీద తమిళంలో ఒక మహాకావ్యం ఉండేది, ఇప్పుడు కొన్ని పద్యాలే మిగిలాయి. రాజగృహంలో శ్రేష్ఠి కూతురు భద్ద, వధ్యస్థలానికి తీసుకెళ్తున్న సత్తుకుడనే దొంగని మేడ మీంచి చూసి అన్నం మానేస్తుంది. తండ్రి కాపలావాళ్లకి లంచమిచ్చి అతన్ని తెచ్చి పెళ్లి చేస్తాడు. కొన్నాళ్లకి సత్తుకుడి కన్ను ఆమె నగల మీద పడుతుంది. దొంగల కొండ మీద దేవతకి మొక్కు ఉందని చెప్పి, నగలన్నీ పెట్టించి కొండ మీదకి తీసుకెళ్లి, చంపబోతాడు. ఆమె ఒక్కసారి కౌగలించుకోనిమ్మని అడిగి, ముందు నుంచీ వెనక నుంచీ కౌగలించుకుంటున్నట్టు చేసి, లోయలోకి తోసేస్తుంది. తర్వాత ముందు జైన సన్యాసినిగా, ఆపైన బౌద్ధ భిక్షుణిగా మారి, వేగంగా సత్యాన్ని గ్రహించినవాళ్లలో మేటి అని బుద్ధుడి చేత అనిపించుకుంది.

ఈ కథ నా వాదనకి ఎదురు సాక్ష్యం. ఇక్కడ చీకటి దొంగలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టేయను. ప్రమాదకరమైన మగవాణ్ణి ప్రేమతో మార్చేయొచ్చని చెప్పే నేటి పుస్తకాలకి ఇంతకంటే సూటి సమాధానం నేనెక్కడా చదవలేదు. కానీ ఈ కథలో కూడా ఆమె అతన్ని కొనుక్కుంది. చావు ముందు నిలబడినవాడికి ఆ పెళ్లి కాదనే వీలు ఎక్కడిది? అతను చేసిన ద్రోహానికి అది సమర్థన కాదు. అయినా మేడ మీద నిలబడి చూసేవాళ్ల ప్రేమకీ, తాళ్లతో కట్టేసి నడిపిస్తున్నవాడి బతుకు ఆశకీ ఉన్న తేడాని ఈ రెండు కథలూ చూపిస్తాయి. మా పిల్ల చదివే నవలల్లో చాలావాటికి ఆ మేడ ఎత్తు పట్టదు.

రాజరక్తం లేని దొంగ

నాకు ఇష్టమైన పుస్తకం మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఇక్కడ చెప్పాలి. యూజెనిడీస్ పేరుకే దొంగ. ఎడిస్ దేశంలో దొంగ అన్నది వంశపారంపర్యంగా వచ్చే పదవి, తాత నుంచి అతనికి వచ్చింది. అతని తండ్రి యుద్ధమంత్రి, ఎడిస్ రాణి అతనికి దగ్గరి బంధువు. అంటే పెళ్లి రాజకుటుంబాల మధ్యే జరిగింది. ఈ తరహా నవలల్లో ఇది ఎంత మామూలో చెప్పక్కర్లేదు. మురికివాడలో జేబులు కొట్టే పిల్ల చివర్లో తప్పిపోయిన రాకుమారి అని తేలుతుంది. భుజం మీద పుట్టుమచ్చ ఉంటుంది. ఆకలికి రొట్టె దొంగిలించినవాడు ఆకలికి రొట్టె దొంగిలించినవాడిగానే ఉండి రాణి పక్కన కూర్చునే కథ ఎందుకు రాయలేకపోతున్నారు?

మొన్న మా వీధి చివర జరిగిన జాతరలో సెల్‌ఫోన్ కొట్టేశాడని ఒక కుర్రాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టారు. పదిహేను పదహారేళ్లుంటాయి. పోలీసులు వచ్చేలోపు చెయ్యి ఖాళీగా ఉన్న ప్రతివాడూ ఒక దెబ్బ వేశాడు. కొంతమంది వీడియో తీశారు. మా పిల్ల కోచింగ్ నుంచి వస్తూ చూసింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నవల తీసిందో లేదో నేను చూడలేదు. మర్నాడు మాత్రం, పట్టుబడిన దొంగని కొట్టే సీన్లలో ఎప్పుడూ అందం ఉంటుందేమిటి పిన్నీ అని అడిగింది.

దొంగ అన్న ముద్ర ఎవరు వేస్తారన్నది మన నేలకి కొత్త ప్రశ్న కాదు. విక్టోరియా రాణి ఏలుబడిలో 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లంతా పుట్టుకతోనే దొంగలని ఆ చట్టం తేల్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. ఎరుకల కుటుంబాలని అక్కడ చేర్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. కదలాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెప్పగానే జనం మొహాల్లో కనిపించే అనుమానం మాత్రం ఇంకా ఉంది. ఒక కిరీటం కొన్ని వేల కుటుంబాలకి దొంగ అని పేరు పెట్టిన చోట బతుకుతూ, కిరీటానికీ దొంగకీ మధ్య ప్రేమని ఊరికే సరదా ఊహగా చదవడం నాకు సాధ్యం కావడం లేదు. అలాగని చదవడం మానను. ఆ ఊహలో ఏదో బలముంది. అడుగునున్నవాడు తాళం తీసుకుని లోపలికొచ్చి, పైనున్నదాని కళ్లలోకి చూసి, నువ్వు చేసింది ఇదీ అని చెప్పగలగడం. కల్పనలోనైనా అది జరగడం మంచిదే.

పక్కింటావిడతో మొన్న మాట్లాడాను. బీరువాలో పెట్టిన పుస్తకాన్ని ముందు తనే చదివి చూడమన్నాను. చదువుతోందట, సగంలో ఉందట. అందులో కొరడా దెబ్బల సంగతి ఏమైందో చివరిదాకా చదివి చెప్పమన్నాను.

మా పిల్లకి "అటోలియా" తర్వాత ఏమివ్వాలా అని వెతుకుతున్నాను. తనకి కావలసింది పుట్టుమచ్చ లేని దొంగ. స్టువర్టుపురం లాంటి ఊళ్లో పుట్టిన పిల్లో, జాతరలో స్తంభానికి కట్టేసిన కుర్రాడో నాయకుడిగా, మన పేర్లతో, మన కోటలతో రాసిన ఫాంటసీ నవల తెలుగులో ఎవరైనా రాస్తుంటే నాకు చెప్పండి. రాతప్రతి అయినా పర్లేదు, చదివి అభిప్రాయం పంపుతాను. మా పిల్ల కూడా పంపుతుంది, కాస్త కటువుగానే ఉంటుంది.